ఏడో స్టేజీ పటం

పాస్టరమ్మగారు వీడియో గేమ్ ఆడే ముందు చేతులు కడుక్కునేవారు. చేతి గడియారం విప్పి టీవీ మీద పెట్టేవారు. కొంగు నడుముకి బిగించి, మా ముందుగదిలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రిమోట్‌ని రెండు చేతులా అందుకునేవారు. అప్పుడు "పద నాయినా" అనేవారు. నాతో కాదు, టీవీలో గుంటడితో.

మొన్న మంగళవారం మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫొటో వచ్చింది, చుట్టూ గులాబీ పూల అంచుతో. కింద "ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుకుంటున్నాను. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. గ్రూపులో అందరూ దణ్ణం బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టి, ఫోను బోర్లించి, తర్వాతి పేపరు తీశాను. ఆ పేపరుకి ఎన్ని మార్కులు వేశానో నాకే తెలియదు. నా నంగనాచితనం నాకు కొత్త కాదు గానీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా అంత తేలిగ్గా వచ్చేస్తుందని అనుకోలేదు.

ఆవిడ అసలు పేరు నాకు ఆ ఫొటో కిందే మొదటిసారి కనబడింది. ఇక్కడ రాయను. అనకాపల్లిలో మా సంఘానికంతటికీ ఆవిడ పాస్టరమ్మే. పేరు పెట్టి పిలిచేది ఆవిడ భర్త పాస్టరుగారు ఒక్కరే, ఆయనా అవసరమైతేనే.

ఆట సంగతి చెప్పాలి. నేను ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో, ఓడలో పనిచేసే మా మేనమామ టీవీకి తగిలించే గేమ్ డబ్బా, పసుపు రంగు క్యాసెట్టూ తెచ్చి ఇచ్చాడు. ఆ ఆట మొదటి భాగం ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఉండేది. తలకి తువాలు చుట్టినట్టుండే పొట్టివాడొకడు ఎప్పుడూ కుడివైపుకే పరిగెడతాడు. గోతులు దూకుతాడు, ఎదురొచ్చినవాటిని తొక్కుతాడు. దాటి వచ్చింది ఇక కనబడదు. ఎడమకి తిరిగితే గోడ తగిలినట్టు ఆగిపోతాడు. మామయ్య తెచ్చింది దానికి రెండో భాగం. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ఇందులో వాడు వెనక్కి కూడా వెళ్ళగలడు. నిచ్చెనలు ఎక్కుతాడు, బావుల్లోకి దిగుతాడు, నేలలోంచి దుంపలు పీకి విసురుతాడు. ప్రతి స్టేజీ చివరా తాళం వేసిన గేటు. తాళంచెవి ఎక్కడో బావి అడుగున ఉంటుంది. అది ఎత్తుకున్న క్షణం నుంచీ ఒక గుడ్లగూబ వెంటపడుతుంది. కింద పెడితే వదిలేస్తుంది. మొత్తం ఏడు స్టేజీలు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచీ ఆడాల్సిందే. అనకాపల్లిలో ఆ వేసవి కరెంటు సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు.

నేను మొదటి భాగంలా పరిగెత్తి పరిగెత్తి రెండో స్టేజీలోనే చచ్చేదాన్ని.

ఒక గురువారం మా ఇంట్లో గృహ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక అందరూ టీలు తాగుతుంటే పాస్టరమ్మగారు టీవీ ముందు ఆగిపోయారు. నేను ఆట మధ్యలో ఆపి, పైన తువాలు కప్పి వదిలేశాను. తువాలు సగం జారింది.

"ఇదేటి పాపా, బొమ్మ ఇలా నిలబడిపోయింది?" అన్నారు.

"ఆటండి. ఆ గోయి దాటలేకపోతున్నాను."

ఆవిడ వంగి చూశారు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నారు. "గోయి సంగతి తరవాత. ఈ ఎడం పక్క నిచ్చెనుంది కదా, అది ఎక్కేవా?"

ఎక్కలేదు. అటు వైపు చూడనే లేదు.

"దాటిపోయింది కదా అని వదిలేత్తే ఎలాగమ్మా. వెనక్కెళ్ళి చూసుకోవాలి, ఏటి వదిలేసేమో."

ఆ నిచ్చెన పైన ఒక పలక ఉంది. దాన్ని తోస్తే గోతి మీద వంతెన పడింది. తర్వాతి గురువారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో రోగుల్ని చూసి ప్రార్థన చేసి ఆవిడ మా వీధిలోంచే తిరిగి వెళతారని తెలిసి, గేటు దగ్గర కాపు కాశాను. "రండి అమ్మగారూ, ఒక్క ఆట" అన్నాను. "నాకేటొచ్చమ్మా, పనుంది" అన్నారు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆ తర్వాత ప్రతి గురువారమూ అలాగే, కాలేజీ తెరిచాక సాయంత్రాలు. పిలిచింది నేను. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నేను ఒకప్పుడు దీన్ని మార్చి చెప్పాను.

ఆవిడతో పాటు వాళ్ళ చిన్నమ్మాయి వచ్చేది, ఆరేళ్ళది. చాప మూల పడుకోబెడితే కదలకుండా నిద్రపోయేది.

పాస్టరమ్మగారిది కె. కోటపాడు పక్క పల్లె, చెరకు, వరి పండించే ఇల్లు. బియ్యెస్సీ లెక్కలు చదువుతుంటే ఆఖరి ఏడాది పెళ్ళి చేసేశారట. ఆటలో దుంప పీకాల్సి వస్తే ఆవిడ నడుము కూడా కాస్త వంగేది, పొలంలో వంగినట్టు. కానీ పీకిన దుంపతో దేన్నీ కొట్టేవారు కాదు. పక్కన పెట్టి, ఎదురొచ్చే జంతువుని పోనిచ్చి, అప్పుడు నడిచేవారు. "దాని దారిన అది పోతంది. మనకేటి?" దూకే ముందు ఆగి, పెదాల మధ్య "ఒకటీ, రెండూ" అనుకునేవారు. రెండు తర్వాత మూడు అనగా ఎప్పుడూ వినలేదు. గుంటడు గోతిలో పడిపోతే ఆవిడ ముఖం నిజంగా చిన్నబోయేది. "క్షమించు నాయినా, నాదే తప్పు" అనేవారు. గుడ్లగూబ వెంటపడినప్పుడు మాత్రం నవ్వేవారు. "తాళంచెవి పట్టుకున్నోళ్ళకే ఈ తిప్పలన్నీ. సంఘం పెద్దల్ని చూడు" అని, వెంటనే నోటి మీద చెయ్యి వేసుకునేవారు.

ఆవిడ ఆడటానికి ఒక షరతు ఉండేది. ముందు నేను పది లెక్కలు చేసి చూపించాలి. "లెక్కలు ముందు, గుంటడు తరవాత." నేను ఆవిడ వచ్చేలోపు గైడు చూసి పదీ ఎక్కించేసేదాన్ని. ఆవిడ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివి, మెచ్చుకుని, పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవారు. నేను ఎక్కించినవి అని ఆవిడకి తోచిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఇప్పుడు నా పిల్లలు నాకు అలాగే చూపిస్తారు, నాకు మాత్రం తెలిసిపోతూనే ఉంటుంది.

పటాలు గీయడం ఆవిడ ఆలోచనే. మా నాన్న బెల్లం మార్కెట్‌లో ఒక కొట్టుకి గుమస్తా. ఆ కొట్టు కేలండర్లు ఏటా సంఘంలో ఇంటింటికీ పంచేవాడు. నెల తిరగగానే పాస్టరమ్మగారు ఆ నెల కాగితం చింపి, వెనకవైపు ఎరుపూ నీలం పెన్సిళ్ళతో ఒక స్టేజీ పటం గీసి తెచ్చేవారు. సండే స్కూల్లో పిల్లలకి బైబిలు ఊళ్ళు గీసి చూపించేది ఆ పెన్సిళ్ళతోనే. ఏ నిచ్చెన ఎక్కడ, ఏ బావిలో తాళంచెవి, ఎక్కడ ఆగాలి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఏప్రిల్ కాగితం వెనక మొదటి స్టేజీ, మే వెనక రెండోది, అలా సెప్టెంబరు వెనక ఆరోది. కరెంటు పోయి ఎన్నిసార్లు మొదటికొచ్చినా, ఆ పటాలు ముందు పెట్టుకుంటే గంటలో ఆరో స్టేజీకి చేరిపోయేవాళ్ళం. ఏడో స్టేజీ ఆఖరి గేటు దాకా మాత్రం రెండుసార్లే వెళ్ళాం. రెండుసార్లూ రిమోట్ నా చేతిలోనే ఉంది, రెండుసార్లూ నేనే తొందరపడి దూకి గుంటణ్ణి చంపేశాను.

"ఏం పర్లేదు. ఇది కూడా గీసుకుందాం" అన్నారు.

ఈలోగా క్వార్టర్లీ మార్కులు వచ్చాయి. లెక్కల్లో నాకు పదకొండు. మా నాన్న డబ్బా తీసి బీరువా మీద పడేశాడు. అమ్మ "ఈ గుంట ఎప్పుడూ ఆ టీవీ ముందరే" అంది. దసరా సెలవుల్లో మా సంఘంలో మూడు రోజుల యువజన కూడికలు జరుగుతాయి. నాచేత సాక్ష్యం చెప్పించమని నాన్న ముందే పెద్దలకి చెప్పి ఉంచాడు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మనిషి సభలో నిలబడి తన తప్పు తానే ఒప్పుకుని, దేవుడు తనని ఎలా మార్చాడో చెబుతాడు. చెప్పడం అయ్యాక సభంతా మూడుసార్లు "స్తోత్రం" అంటుంది. మా సంఘంలో ఇంకో అలవాటు ఉంది. చెప్పింది ఆడపిల్ల అయితే, పాస్టరమ్మ లేచి వచ్చి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాలి.

నా ముందు ఇద్దరు చెప్పారు. ఒకతను సిగరెట్లు మానేశానన్నాడు, ఒకమ్మాయి తల్లిని తిట్టేదాన్నంది. సభ కళ్ళు ఒత్తుకుంది. నా వంతు వచ్చింది. వీడియో గేమ్ వల్ల లెక్కలు పోయాయని చెప్పాను. సభ అలాగే చూస్తోంది, ఇంకేదో ఉందన్నట్టు. వెనక వరసలో మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది:

"నేను చదువుకుంటుంటే పాస్టరమ్మగారు వచ్చి ఆడదామనేవారండి. పెద్దవాళ్ళు అడిగితే కాదనలేకపోయాను."

అనుకుని అనలేదు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మాట నాలిక మీదకి రాగానే మా నాన్న చేతులు విప్పుకోవడం చూశాను. చూసి, రెండో వాక్యం కలిపాను.

స్తోత్రం అనాలా వద్దా అని సభ తటపటాయించింది. ముందు వరసలో ఆడవాళ్ళ చాప మీంచి ఒక్క గొంతు "స్తోత్రం" అంది. ఆవిడదే. అప్పుడు అందరూ అందుకున్నారు. మూడుసార్లు అయ్యాక ఆవిడ లేచి, కొంగు తల మీదకి లాక్కుని, నా దగ్గరకి నడిచి వచ్చారు. అలవాటు ప్రకారం రావాలి కదా. నా తల మీద చెయ్యి పెట్టారు. మీట నొక్కి నొక్కి కాస్త గట్టిపడిన బొటనవేలు నా పాపిట దగ్గర తగిలింది. "తండ్రీ, ఈ బిడ్డకి లెక్కలు అర్థమయ్యేలా చెయ్యి. భయం తీసెయ్యి" అన్నారు. అంతే. గొంతులో ఏ తేడా లేదు. నేను కళ్ళు మూసుకుని ఏడ్చాను. సభ నా మారుమనసుకి మెచ్చుకుంది.

పెద్దలు ఆ ఆదివారమే కూర్చున్నారు. మా నాన్న కూడా వెళ్ళాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని అమ్మతో చెప్పాడు.

"ఆయమ్మ ఏటీ దాచలేదే. 'ఆడేనండి, తప్పే' అన్నాది. ఎవరు పిలిచేరమ్మా అని పెద్దాయన అడిగితే, 'పిల్లనెందుకండీ ఇందులోకి' అన్నాది."

అమ్మ నా వైపు చూసింది. నేను గేటు దగ్గర నిలబడి పిలవడం అమ్మ వంటింటి కిటికీలోంచి ప్రతి గురువారమూ చూసేది. ఒక్క క్షణం చూసి, నాన్న కంచంలో కూర వడ్డించింది. ఆ ఇంట్లో ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆవిడని సండే స్కూలు నుంచీ, స్త్రీల సమాజం నుంచీ తప్పించారు. నేను ఆరు పటాలూ చింపి నీళ్ళ పొయ్యిలో పెట్టాను, ఎవరైనా చూసి అడుగుతారని. ఒకసారి బస్టాండు దగ్గర ఎదురుపడ్డారు. తప్పుకుందామని చూశాను గానీ కుదరలేదు. "లెక్కలెలా ఉన్నాయి పాపా?" అన్నారు. "బాగున్నాయండి" అని ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయాను. క్రిస్మస్ అయ్యాక పాస్టరుగారిని మాకవరపాలెం పంపేశారు. సామాను వేన్లో ఎక్కిస్తుంటే సంఘమంతా వీడ్కోలుకి వెళ్ళింది. నాకు తలనొప్పి వచ్చింది.

మార్చిలో లెక్కలు గట్టెక్కాయి. తర్వాత లెక్కలే తిండి పెట్టాయి. ఆవిడ చెప్పినట్టే పిల్లలకి చెబుతుంటాను, వెనక్కెళ్ళి చూసుకోండి, ఏం వదిలేశారో అని. మాకవరపాలెం మా ఊరికి గంటన్నర దూరం. గంటన్నర వెనక్కి వెళ్ళడానికి నాకు ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు.

శనివారం మాకవరపాలెంలో ఆవిడ ఆదరణ కూడికకి, అంటే ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థనకి, నర్సీపట్నం బస్సెక్కి వెళ్ళాను. పాస్టరుగారు ఆవిడ కంటే ముందే పోయారు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఆవిడ చిన్నమ్మాయి నర్సుగా చేస్తోందట. నన్ను చూడగానే గుర్తుపట్టింది. బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక ఆవిడ జ్ఞాపకాలు చెప్పమన్నారు. ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆ అమ్మాయి మైకు పట్టుకుని కుర్చీల మధ్యలోంచి నడిచి వచ్చి నా చేతిలో పెట్టింది.

"మీరూ ఒక మాట చెప్పండక్కా."

లేచి నిలబడ్డాను. బస్సులో దారి పొడవునా చెప్పుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. అనకాపల్లి నుంచి వచ్చిన పాత సంఘస్తులు నాలుగైదుగురు ముందు వరసలోనే ఉన్నారు. పక్కన మా కాలేజీ ప్రిన్సిపాల్ గారి వియ్యపురాలు ఉంది. "నాకు లెక్కలంటే భయం పోగొట్టింది పాస్టరమ్మగారే. ఈ రోజు నేను పదిమందికి చెప్పగలుగుతున్నానంటే ఆవిడ పెట్టిన భిక్షే" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. సభ మూడుసార్లు స్తోత్రం అంది. మైకు తిరిగి ఇచ్చేశాను.

భోజనాలప్పుడు ఆ అమ్మాయి లోపలికి పిలిచింది. ఆవిడ బైబిలు సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చింది.

"ఇది మీదేనక్కా. కింద 'పాపకి ఇవ్వాలి' అని ఉంది. మమ్మల్నందర్నీ పేర్లు పెట్టే పిలిచేది. పాప అని మిమ్మల్నే అనేది."

విప్పాను. ఏడో స్టేజీ. నిచ్చెనలు నీలం, బావులు ఎరుపు. ఆఖరి గేటు పక్కన ఆ ముత్యాల్లాంటి అక్షరాలు: "పాప ఇక్కడ తొందరపడుతుంది. తాళంచెవి కింద పెట్టి, గుడ్లగూబ వెళ్ళిపోయాక, ఎడమకి వెనక్కి వచ్చి పలక తోయాలి. అప్పుడు దూకాలి." కాగితం తిరగేశాను. మా నాన్న పంచిన బెల్లం కొట్టు కేలండరు. అక్టోబరు నెల. నవంబరు వస్తే గానీ ఆవిడ ఆ కాగితం చింపరు. నా సాక్ష్యం దసరాకి అయిపోయింది. అంటే ఆవిడ ఇది ఆ తర్వాత, సండే స్కూలు పోయాక, పిల్లలకి గీయాల్సిన పని లేని ఆ పెన్సిళ్ళతో, నేను గేటు దాటాలని కూర్చుని గీశారు.

మంచం మీద కూర్చుండిపోయాను.

"ఆ రోజు నేను చెప్పింది అబద్ధమమ్మా" అన్నాను. "మీ అమ్మగారు రాలేదు. నేనే పిలిచేదాన్ని."

"తెలుసక్కా."

"అమ్మగారు చెప్పారా?"

"అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేను మీ చాప మీద పడుకునేదాన్ని కదా. నాకు నిద్దరొచ్చేది కాదు, ఆట చూసేదాన్ని. మీరు గేటు దగ్గిర అమ్మ చెయ్యట్టుకుని, ఒక్క ఆట అమ్మగారూ అని లాక్కొచ్చేవారు. నాకు బాగా గుర్తు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మరి ఇందాక మైకు నా చేతికెందుకు ఇచ్చావు?"

ఆ అమ్మాయి కాగితం మళ్ళీ పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టింది.

"చెప్తారేమో అని."

బయట మైకు అబ్బాయి వైర్లు చుట్టుకుంటున్నాడు. అనకాపల్లి వాళ్ళు చేతులు కడుక్కుని బస్సు టైము చూసుకుంటున్నారు. "రండక్కా, అన్నం తినెళ్దురు గాని" అని ఆ అమ్మాయి నాకు విస్తరి వేసి, తనే వడ్డించింది. తల ఎత్తకుండా తిన్నాను.